వడ్రంగి యంత్రములు - తుప్పు

కాకినాడలో నాకు పరిచితుడైన వడ్రంగి మేస్త్రి యొకడు కలడు. ద్వారబంధములు, కిటికీలు, మంచములు ఆయన సాలలో తయారగుచుండును. ఒక శ్రావణమాసమున నాలుగు దినముల ముసురు వెలిసిన పిమ్మట నేనాయన సాలకు పోయినపుడు, ఆయన కుశలప్రశ్నలైనను వేయక నన్ను చిత్రికయంత్రము కడకు తీసికొనిపోయి దాని బల్లను చూపెను. అద్దమువలె మెఱయవలసిన ఆ పోత ఇనుపబల్లమీద ఎఱ్ఱని హస్తమొకటి అచ్చుపడియుండెను. అయిదు వ్రేళ్లును, అరచేయియు, చేతిలోని గీతలలో కొన్నియు స్పష్టముగా నున్నవి. శుభకార్యములకు మన యిండ్లలో గోడమీద పసుపుచేతులు వేసినట్లుండెను. ముసురు పట్టిన మొదటినాడు సాల మూయుచుండగా పనివాడొకడు చెమటచేతిని బల్లకానించి నిలువబడెనట. జరిగినదంతయు నదియే.

"బాబుగారూ, వీడు సంతకముచేసి పోయినాడు" అని మేస్త్రి నవ్వెను. ఆ నవ్వులో సంతోషము లేదు. యంత్రమును అప్పుచేసి కొన్నవాడాయన.

ఇనుమునకు తుప్పు పట్టుట లోకసహజమే గదా, దీనికింత విచారమెందుకని శ్రోతలలో కొందఱనుకొనవచ్చును. వంటింటి పెనమునకు తుప్పు పట్టిన తోమి వాడుకొందుము. యంత్రపుబల్ల యట్టిది కాదు. ఆ బల్లమీద కొయ్యను జారవిడుచుచు, బల్ల నడుమనున్న కంతలో అతివేగముగా తిరుగు కత్తికి అందించుచుందురు. బల్ల నున్నగా నున్నంతకాలము చేతితో మెల్లగా నెట్టిన చాలును. తుప్పు పట్టిన బల్లమీద కొయ్య పట్టి పట్టి కదలును. పనివాడు బలముకొలది నెట్టును. పట్టు హఠాత్తుగా విడిపోయినచో చేయి ముందునకు పోవును. ముందున్నది కత్తి. ఈ చరిత్రలో తుప్పుకును వడ్రంగుల వ్రేళ్లకును గల సంబంధము మఱవరాదు.

"అట్లయిన రంగు పూయరాదా?" అని మఱియొక ప్రశ్న రావచ్చును. యంత్రపు కాళ్లకును ఒడలికిని రంగు పూయుదురు. బల్లకు పూయుట పొసగదు. దినమెల్ల కొయ్య రాచుకొనుచుండగా రంగు నాలుగు నాళ్లయినను నిలువదు. నిలిచినను దాని మందము సమానముగా నుండదు కావున బల్లయొక్క సమతలము చెడును. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అను ఇంజనీరు ఇనుముపై యశదపు పూత పూయు పద్ధతికి పేటెంటు పొందెను. మన యిండ్లపై రేకులకు, బొక్కెనలకు నేటికిని అదియే రక్ష. అదియు ఇచట పనికిరాదు. కరగిన యశదములో ముంచు వేడికి పోతబల్ల వంగును. వంగిన బల్ల బల్లయే కాదు. కావున కొయ్యపని యంత్రపు బల్ల ఎల్లప్పుడును వట్టి ఇనుముగా, బట్టలేని బిడ్డవలె, గాలికి ఎదురుగా నుండవలసినదే. దాని నెట్లు కాపాడవలెనన్న చింత ఆ యంత్రములతోడనే పుట్టినది.

పూర్వము వడ్రంగికి ఈ చింత అంతగా లేదు. చిత్రిక యొడలు కొయ్య, రంపపు పిడి కొయ్య, బాడిస పిడి కొయ్య. ఇనుమన్నది కోయు అంచునకు మాత్రమే. ఆ యంచును దినదినము నూరుచునే యుందురు కావున తుప్పునకు తీరిక దొరకెడిది కాదు. ఇనుము రాశిగా కొయ్యపనిలో ప్రవేశించుట పదునెనిమిదవ శతాబ్దాంతమున ఇంగ్లండులో ఓడల నిమిత్తము జరిగినది.

తెరచాప ఓడకు కప్పులు ప్రాణము. పెద్ద యుద్ధనౌక యొక్కదానికి సుమారు 1000 కప్పులు కావలెను. ఆ దేశపు నౌకాదళమునకు ఏటేట లక్ష కప్పుల వఱకు పట్టెడివి. చేతిపనిచే ఇన్ని చేయించుట కష్టము. సామ్యుయల్ బెంథామ్ అను నాతడు 1791లోను 1793లోను కొయ్యపని యంత్రములకు పేటెంట్లు పొందియుండెను. ప్రసిద్ధ తత్త్వవేత్తయగు జెరెమీ బెంథామునకు ఈతడు తమ్ముడు. 1796లో నౌకాదళపు నిర్మాణములకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. ఫ్రాన్సునుండి అమెరికాకు, అమెరికానుండి ఇంగ్లండుకు వచ్చిన మార్క్ బ్రూనెల్ అను యంత్రకారుడు కప్పులు చేయు యంత్రముల నమూనాలతో ఈతని చేరెను. వానిని ఇనుముతో నిర్మించి యిచ్చినవాడు హెన్రీ మాడ్‌స్లే. పోర్ట్స్‌మత్ రేవులో నెలకొల్పబడిన ఈ కర్మాగారములో నలువదికి పైగా యంత్రములుండెను. 1808 నాటికి ఏటికి 1,30,000 కప్పులు తయారయ్యెను. 110 మంది నేర్పరులు చేయు పనిని నేర్పులేని పదిమంది చేసిరని ప్రసిద్ధి. తక్కిన నూరుగురి సంగతి ఆ లెక్కలు వ్రాసినవారు వ్రాయలేదు.

ఈ యంత్రములున్నచోటు సముద్రపు ఒడ్డు. లోహపు యంత్రములు, ఉప్పుగాలి, కొయ్య పొట్టు, మూడును ఒక్క కప్పుక్రింద చేరినవి. ఐనను వానిలో కొన్ని ఇరువదవ శతాబ్దములో కూడ పనిచేసినవి. కొన్ని నేడు లండనులోని సైన్సు మ్యూజియములో నున్నవి. మాడ్‌స్లే పనితనము ఇందుకొక కారణము. విరామము లేక వాడబడుటయు, నిత్యము నూనె త్రాగుటయు రెండవ కారణమని నా యూహ.

మాడ్‌స్లే సాలలో పనిచేసిన యువకులలో జోసెఫ్ విట్‌వర్త్ ఒకడు. సమతలమన నేమియో లోకమునకు చూపినవాడీతడే. అంతకుముందు ఇనుపబల్లలను గరుకుపొడితో రాచి చదునుచేసెడివారు. విట్‌వర్త్ రాపిడి మాని, మూడు పలకలను తీసికొని, ఒకదానినొకదానితో సరిచూచుచు, ఎత్తుగానున్న చోట్లను మాత్రము చిన్న గీకుడుకత్తితో గీకవలెననెను. రెండు పలకలే యైనచో ఒకటి గుంటగాను ఒకటి మిట్టగాను ఉండియు చక్కగా అతుకవచ్చును. మూడును ఏ రెంటికి ఆ రెండు అతికినపుడు మూడును సమతలములే కావలెను. ఎంత సులభమైన తర్కము! 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఈ విషయమును ఆతడు చదివెను. ఈతడే 1853లో అమెరికాకు పోయి, అచట కొయ్యపనికి యంత్రములను విరివిగా వాడుచుండుట చూచి, మఱుసటి యేట తన దేశప్రభుత్వమునకు నివేదించెను. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లోనే పలకలు చిత్రికపట్టు యంత్రమునకు పేటెంటు పొందియుండెను. క్రమముగా కొయ్యచట్రములు పోయి పోత ఇనుపచట్రములు వచ్చినవి. విట్‌వర్త్ నేర్పిన సమతలము వడ్రంగిసాలకును వచ్చినది.

సమతలముతోడనే దానికి శత్రువును వచ్చినది. ఇనుము తుప్పుగా మారునపుడు రెండింతలకు మించి ఉబ్బును. కావున తుప్పుచుక్క పైకి మిట్ట, తీసివేసిన లోపల గుంట. నిపుణుడు వారములు గీకి సాధించిన చదునును ఒక్క వానరాత్రి పాడుచేయగలదు.

ఆ కాలపువారి మందులు చిత్రముగా నుండెడివి. యంత్రములను ఓడలలో దూరదేశములకు పంపునపుడు మెఱయు భాగములకు పశువుల క్రొవ్వును సీసపు సఫేదాతో కలిపి దట్టముగా పూసెడివారు. పందిక్రొవ్వును కరగించి కర్పూరము కలిపి, తెట్టు తీసి, ఇనుపరంగు వచ్చువఱకు గ్రాఫైటుపొడి చేర్చి పూయవలెనను విధానము పందొమ్మిదవ శతాబ్దపు గృహవైద్యపుస్తకముల వంటి వానిలో పదేపదే కానవచ్చును. పనిముట్ల పెట్టెలో కర్పూరపుబిళ్ల నుంచు అలవాటు పాశ్చాత్య పనివారిలో చిరకాలము నిలిచినది. మన దేవతార్చనపెట్టెలో కర్పూరము, వారి ఉలుల పెట్టెలో కర్పూరము! తిమింగలపు నూనెను గొప్పయింటివారు వాడిరి. జపానులో వడ్రంగులు కామెల్లియా గింజల నూనెను ఉలులకు రాతురు. మనవారు ఆముదమో కొబ్బరినూనెయో రాతురు.

ఈ క్రొవ్వులలోను నూనెలలోను ఒక దోషము కలదు. గాలి తగిలి కొంతకాలమునకు మక్కిపోవును. మక్కిన నూనెలో ఆమ్లము పుట్టును. రక్షింపవలసిన నూనెయే ఇనుమును కొఱుకును. అవిసెనూనె వంటివి ఎండి జిగురై కొయ్యకు అంటును. ఈ చిక్కు విడిపోయినది వడ్రంగిసాలలో కాదు, పెన్సిల్వేనియా నూనెబావుల కడ. 1859లో టైటస్‌విల్లు దగ్గర డ్రేక్ తవ్వించిన బావిలో రాతినూనె పడినది. ఆ బావుల త్రవ్వుడుకడ్డీలకు పేరుకొను మడ్డివంటి మైనమును రాబర్ట్ చెస్‌బ్రో అను యువక రసాయనజ్ఞుడు తీసికొనిపోయి శుద్ధిచేసి, 1872లో పేటెంటు పొంది, వాసెలిను అను పేర అమ్మెను. మనము పగిలిన పెదవులకు రాచుకొను వాసెలిను ఇదియే. అది మక్కదు, ఎండదు, ఆమ్లము పుట్టింపదు. క్రొవ్వులతో శతాబ్దములుగా జరిగిన బేరము అంతటితో ముగిసెనని చెప్పవచ్చును. దానివెనుక జర్మనీలో 1880వ దశకమున గొఱ్ఱె ఉన్నినుండి తీసిన లానొలిను వచ్చినది. తేలిక రాతినూనెలో కరగించి పూసినచో నూనె ఎగిరిపోయి లానొలిను పలుచని పొరగా లోహమునకు అంటుకొనియుండును.

మందులు దొరకినవి గాని రోగమేమో అప్పటికింకను తెలియలేదు. ఇనుముతో గాలిలోని ఆమ్లజని కూడుటయే తుప్పని లవొయిసియే నాటినుండి ఎఱుగుదురు. నీటి పనియేమి? 1871లో మాంచెస్టరులో క్రేస్ కాల్వర్ట్ అను రసాయనజ్ఞుడు ఇనుపముక్కలను వేర్వేరు వాయువులలో నుంచి చూచెను. తడిలేని ఆమ్లజనిలో తుప్పు పట్టలేదు. తడియు బొగ్గుపులుసుగాలియు చేరినపుడు బాగుగా పట్టెను. దానినిబట్టి ఆతడు బొగ్గుపులుసుగాలియే ముఖ్యకారణమని తలచెను. ఆ తలంపు పూర్తిగా నిలువలేదు. 1903లో అమెరికాలో విల్లిస్ విట్నీ తుప్పు పట్టుట విద్యుద్వ్యాపారమని ప్రకటించెను. ఇనుపముక్కమీద ఒకచోటు ఒక ధ్రువముగను, మఱియొకచోటు రెండవ ధ్రువముగను అగుననియు, నడుమ తడి వాహకమై చిన్న విద్యుద్ఘటము ఏర్పడుననియు, ఒక ధ్రువమున ఇనుము కరగుననియు దాని సారాంశము. అటుపిమ్మట కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్సు ఉప్పునీటిబొట్టును ఇనుపరేకుపై నుంచి గమనించెను. బొట్టు అంచున గాలి అందును, నడుమ అందదు. గాలి అందనిచోటనే ఇనుము కరగును! కరగిన ఇనుము గాలి అందుచోటికి వచ్చి ఎఱ్ఱని వలయమై నిలుచును.

ఈ సంగతి వడ్రంగికి మిక్కిలి ముఖ్యము. పచ్చికొయ్యపలకను రాత్రి బల్లమీదనే వదలిపోయినచో, తడిసిన రంపపు పొట్టును కుప్పగా విడిచినచో, ఆ కప్పిన భాగమునకు గాలి తగలదు కదా, క్షేమమని మన మనుకొందుము. ఉదయమున చూచినచో సరిగా దాని క్రిందనే గుంటలు పడియుండును. కొయ్యపొట్టు గాలిలోని తేమను పీల్చి దాచుకొను వస్తువు. అందు కొన్ని కొయ్యలలో పులుపును వగరును కలవు. తుమ్మ, మద్ది వంటి చెట్ల బెరడులోని వగరే తోళ్లు ఊనుటకు వాడుదురు. మన పూర్వులు కరక్కాయ రసములో అన్నభేది కలిపి సిరా చేసిరి గదా? అన్నభేది ఇనుపలవణమే. వగరుకొయ్య తడిగానున్నపుడు ఇనుపబల్లపై పడియుండిన, బల్లమీద కొయ్య స్వయముగా సిరా కాచుకొనుచున్నదన్న మాట. అందుచేతనే ఆ మరకలు ఎఱ్ఱగా గాక నీలిగా, నల్లగా నుండును. పలకయు పాడగును, బల్లయు పాడగును.

మఱి వాన కురియని దినములలో, పలకయేదియు లేని బల్లకు తడి యెక్కడినుండి వచ్చును? 1814లో లండనులో విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు మంచునుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. మంచు ఆకాశమునుండి పడదు, చల్లబడిన వస్తువుపై గాలిలోని ఆవిరియే నీరగునని అందు నిరూపించెను. పోతబల్ల బరువైనది. రాత్రి చల్లబడినది ఉదయమున వెంటనే వేడెక్కదు. తలుపులు తెఱువగనే సముద్రముమీది తేమగాలి లోనికి వచ్చి ఆ చల్లని ఇనుమును తాకి కన్నులకు కనబడనంత పలుచని నీటిపొరగా మారును. పుష్యమాసపు ప్రాతఃకాలమున చల్లని బల్లపై వ్రేలు రాచి చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

నీరు కనబడవలసిన పనియు లేదు. ఇంగ్లండులో వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు 1920వ దశకమున గాలిలోని తేమ ఒక మేర దాటువఱకు ఇనుము మెల్లగానే చెడుననియు, ఆ మేర దాటగనే తుప్పు వేగముగా హెచ్చుననియు కనుగొనెను. ఆ మేర నూటికి 60 పాళ్ల ప్రాంతమున నున్నది. మన కోస్తాలో తేమ దీనికి దిగువనుండు దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వెర్నన్ చేసిన మఱియొక ప్రయోగము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఒకే గదిలో రెండు ఇనుపముక్కలనుంచి, ఒకదానిచుట్టు పలుచని మల్లుగుడ్డ పంజరముగా కట్టెను. గుడ్డలోనికి గాలి పోవును, తేమ పోవును. ఐనను నెలలు గడచినను లోపలి ముక్క దాదాపు శుభ్రముగనే యుండెను. బయటిది తుప్పుపట్టెను. గుడ్డ ఆపినది ధూళిని మాత్రమే. తేమను పట్టి నిలుపు ధూళికణములే తుప్పునకు బీజములని తేలినది. ఉప్పుకణమైన మఱింత చెడ్డది. చెమటచేయి బల్లపై ముద్రించునది ఉప్పే. మేస్త్రి సాలలోని ఎఱ్ఱచేతికి ఇంతకుమించిన వ్యాఖ్యానము లేదు. చెమటలో ఉప్పు హెచ్చుగా గలవారిని సూక్ష్మయంత్రశాలలలో మెఱుగు పెట్టిన భాగములను వట్టిచేతులతో తాకనీయరు.

ఇచట మన దేశీయులు ఢిల్లీ ఇనుపస్తంభమును జ్ఞాపకముచేయుదురని ఎఱుగుదును. గుప్తరాజుల నాటి ఆ స్తంభము 7 మీటర్లకు పైగా పొడవు, 6 టన్నులకు పైగా బరువు కలది. సుమారు 1600 ఏండ్లుగా వానకు ఎండకు నిలిచినది. 1912లో హాడ్‌ఫీల్డు దాని లోహమును పరీక్షించి అందు భాస్వరము హెచ్చుగా నున్నదనెను. ఆ భాస్వరముచే ఇనుముపై ఒక దట్టమైన రక్షకపుపొర ఏర్పడినదని ఇటీవల కాన్పూరులో బాలసుబ్రమణ్యం వివరించిరి. తడియుట, ఆరుట మాటిమాటికి జరుగుటయు ఆ పొరకు తోడ్పడినది. అది గొప్ప పనితనమే. కాని మన పూర్వులకు తుప్పుపట్టని ఇనుము చేయు రహస్యము తెలియుననియు మనము మఱచితిమనియు చెప్పువారితో నేను ఏకీభవింపను. అదే స్తంభమునకు భూమిలోనున్న భాగము తుప్పుపట్టియే యున్నది. మఱి చేతులు వెనుకకు చాచి స్తంభమును కౌగిలించుకొను యాత్రికుల వలన అది చెడుచున్నదని 1997లో చుట్టును కంచె వేసిరి. చెమటచేతులు గుప్తులనాటి ఇనుమునైనను విడువవు!

రెండవ ప్రపంచయుద్ధము తరువాత మందులు చాల పెరిగినవి. కాగితమునకు పట్టించి పెట్టెలోనుంచిన చాలును, దాని ఆవిరియే లోహముపై కూర్చుండి తుప్పు నాపు రసాయనములు వచ్చినవి. పాత కర్పూరపు బిళ్లకు ఇవి దూరపు చుట్టములు. 1953లో అమెరికాలోని సాన్‌డియాగోలో ఒక చిన్న కంపెనీవారు నీటిని తొలగించు నూనెకై ప్రయత్నించి నలువదవసారి కృతార్థులైరి. డబ్ల్యూడీ-40 అను పేరులోని 40 అదియే. మొదట దానిని అట్లాసు రాకెట్టు పైరేకులకు పూసిరి, పిమ్మట డబ్బాలలో అమ్మిరి. అది తడిని తఱుముటకు మంచిది. దీర్ఘకాలపు రక్షకు దాని పొర మిక్కిలి పలుచన. సిలికోను నూనెలు మఱియొక కొత్త వస్తువు. ఇవి ఇనుమును చక్కగా కాపాడును, బల్లను మిక్కిలి జారుడుగను చేయును. ఐనను అనుభవజ్ఞుడైన వడ్రంగి వానిని తన సాల గడప దాటనీయడు. బల్లమీది సిలికోను రవ్వంత కొయ్యకంటినను, పిమ్మట పూసిన వార్నీషు ఆచోట నిలువక చేపకన్నులవలె గుండ్రముగా విడిపోవును. తుప్పు పోయినదని సంతోషించినవాడు బల్ల పాలిషు చూచి ఏడ్చును.

కావున ఈ నాటికిని అధికులు వాడునది మైనమే. మైనమును టర్పెంటైనుతో మెత్తచేసి పూసి, ఆఱిన పిమ్మట గుడ్డతో గట్టిగా రుద్దుదురు. కొయ్యకు మరక అంటదు, బల్లయు జారును. అరిగిపోవును కావున మరల మరల పూయవలెను.

కాకినాడ మేస్త్రి ఆ యెఱ్ఱచేతిని కిరసనాయిలును మెత్తని గరుకుకాగితమును పట్టి రెండు గంటలు రుద్దెను. ఎఱుపు పోయినది. వెలుతురునకు ఓరగా చూచిన, చూపుడువ్రేలును బొటనవ్రేలును ఆనినచోట సన్నని గుంటలు నేటికిని కనబడును. సాయంకాలము పొట్టు ఊడ్చి, మైనము రుద్ది, బల్లమీద తన పాత పంచెనొకదానిని పఱచిపోవుట ఆయనకు అలవాటైనది. టార్పాలిను కప్పరాదా యని నేనడుగగా, "దాని క్రింద చెమట పడుతుందండీ" అనెను. వెర్నన్ పేరు ఆయన వినియుండలేదు. పంచె మాత్రము రెండునాళ్లకొకమాఱు ఉదుకునకు పోవుచున్నది.